ఎడింబరో నీళ్ళు

వెళ్ళేలోగా ఎడింబరో గురించి నాలుగు మాటలు వ్రాసి ఇమ్మని మన పత్రిక సంపాదకులు గారు నెల రోజులుగా అడుగుతున్నారు. పదేళ్ళూ ఇరవై ఏళ్ళూ ఈ దేశంలో ఉంటున్న మీకు, ఏడాది ఉండి వెళ్ళిపోయే నేను ఎడింబరో చూపించబోవడం తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది. అయినా ఒక సంగతి గమనించాను. ఏ ఊరైనా మనకు బాగా కనబడేది రెండుసార్లే. వచ్చిన కొత్తలో ఒకసారి, వెళ్ళబోయే ముందు ఒకసారి. మధ్యకాలమంతా బస్సు అందుకోవడంతోనూ, గాలికి గొడుగు తిరగబడకుండా పట్టుకోవడంతోనూ గడిచిపోతుంది. నేనిప్పుడు ఆ రెండోసారి చూస్తున్నదాన్ని కనుక, చూసింది చూసినట్టు మనవి చేస్తాను.

నా గురించి రెండు ముక్కలు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదివాను. ఆ తరువాత గోదావరి ప్రాంతంలోనే ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో ఆరేళ్ళు పనిచేశాను. ప్రజారోగ్యం చదవాలని కిందటేడు సెప్టెంబరులో ఇక్కడి విశ్వవిద్యాలయంలో చేరాను. మావారు, అయిదేళ్ళ మా అబ్బాయి, మా అత్తగారు కాకినాడలోనే ఉండిపోయారు. ఈ నెలాఖరుకి నేనూ వాళ్ళ దగ్గరికి వెళుతున్నాను.

వచ్చిన మర్నాడు ఇంటి పెద్దావిడను తాగేనీళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. ఆవిడ వంటింటి కుళాయి చూపించింది. తాగడానికీ అదే, అంట్లకీ అదే, కిటికీలో పూలకుండీకీ అదే. మన భాషలో మంచినీళ్ళని ఒకటి, వాడుకనీళ్ళని ఒకటి రెండు మాటలున్నాయి. ఇంట్లోకి వచ్చే నీళ్ళన్నీ మంచివి కావని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నామన్నమాట. ఇక్కడ ఆ రెండో మాటతో పనే లేదు. ఆ రోజు గ్లాసు పట్టుకుని కుళాయి ముందు కాసేపు అలాగే నిలబడ్డాను. ఆవిడ నాకు దాహం ఎక్కువనుకుని ఇంకో గ్లాసు ఇచ్చింది.

పిల్లల వార్డులో పనిచేసినవాళ్ళకి నీళ్ళంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. వానలు మొదలైతే మా వార్డులో మంచానికి ఇద్దరేసి పిల్లలు. వాంతులు, విరేచనాలు. ఏడాది నిండని పసివాడిని తీసుకొస్తారు. కళ్ళు లోపలికి పోయి ఉంటాయి. పొట్టమీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే ఆ మడత అలాగే ఉండిపోతుంది. సూది పెట్టడానికి నరం దొరకదు. ఒక తల్లి నన్నడిగిన మాట ఇప్పటికీ మరవలేదు. "నీళ్ళే కదమ్మా తాగాడు, ఇంకేం పెట్టలేదే" అంది. ఆ మాటకి నా చదువులో జవాబు ఉంది. కాని మూడు మైళ్ళ అవతల వాళ్ళ వీధిలో, మురుగుకాలవ పక్కనే పగిలి ఉన్న గొట్టానికి నా చేతిలోని సూది ఏమీ చేయలేదు. ఆ గొట్టం సంగతి నేర్చుకుందామనే సముద్రాలు దాటి వచ్చాను.

వచ్చాక తెలిసిందేమిటంటే, ఈ ఊరికీ ఈ నీళ్ళు ఊరికే రాలేదు. మీరంతా బంధువులు వచ్చినప్పుడల్లా కోట చూపించడానికి రాయల్ మైల్ మీదుగా తీసుకెళతారు కదా. ఈసారి వెళ్ళినప్పుడు, దారి మధ్యలో గుళ్ళోని మండపంలా రాతితో కట్టిన పాత బావులు కనబడతాయి, కాస్త ఆగి చూడండి. కొండ వీపుమీద కట్టిన ఊరు కనుక పైన నీరు పుట్టదు. ఊరికి దక్షిణాన కమిస్టన్ అనే చోట ఊటలున్నాయి. పదిహేడో శతాబ్దం చివర్లో అక్కడినుంచి సీసపు గొట్టం వేసి, కోట పక్కన కాసిల్‌హిల్ మీద ఒక తొట్టిలోకి నీళ్ళు తెచ్చారు. అక్కడినుంచి ఆ రాతి బావుల్లోకి వదిలేవారు. ఊటలకి నక్క, కుందేలు, హంస, టిట్టిభం అని పేర్లు పెట్టారు. ఊట నీళ్ళు వచ్చే చోట పెట్టిన ఆ జంతువుల సీసపు బొమ్మలు ఇప్పటికీ నగరపు మ్యూజియంలో ఉన్నాయి. మా అబ్బాయికి వాటి ఫొటోలు పంపితే, "మన కుళాయికి ఏ జంతువమ్మా?" అని అడిగాడు.

బావి దగ్గరనుంచి మేడమీదికి నీళ్ళు మోయడానికి కూలివాళ్ళుండేవారు. ఎనిమిదేసి, పదేసి అంతస్తుల మేడలు. నీళ్ళు పైకెక్కడం అంత కష్టం, దిగడం మాత్రం సులువే. రాత్రి కాగానే కిటికీలోంచి "నీళ్ళొస్తున్నాయి జాగ్రత్త" అని అర్థం వచ్చే కేక ఒకటి వేసి, ఇంట్లోని మురికంతా సందులోకి కుమ్మరించేవారట. అదంతా జారి కొండకింద చెరువులోకి చేరేది. ఆ చెరువును ఎండగట్టిన చోటే నేడు మనం పిల్లలతో ఐస్‌క్రీము తింటూ కూర్చునే ప్రిన్సెస్ స్ట్రీట్ తోటలున్నాయి.

హై స్ట్రీట్‌లో పెయిస్లీ క్లోజ్ అనే సందు ఉంది. దాని ద్వారం మీద ఒక కుర్రవాడి ముఖం చెక్కి ఉంటుంది. 1861 నవంబరు 24వ తేదీన అక్కడి పాతకాలపు మేడ ఒకటి అర్ధరాత్రి దాటాక నిలువునా కూలిపోయింది. 35 మంది పోయారు. శిథిలాలు తీసేవాళ్ళు ఇక ఎవరూ మిగలలేదనుకుంటుండగా, లోపలినుంచి ఒక కుర్రవాడు తాను ఇంకా చావలేదనీ, ఓపికగా తియ్యండనీ కేకవేశాడట. ఆ మాటనే అక్కడ రాతిమీద చెక్కించారు. నేను చదివే రోజుల్లో ఆ దారినే గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. ఆ ముఖం కనబడ్డప్పుడల్లా మా వార్డు గుర్తుకొచ్చేది.

ఆ మేడ కూలడంతో ఊరి కళ్ళు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది, 1862లో, హెన్రీ లిటిల్‌జాన్ అనే వైద్యుణ్ణి నగరానికి మొదటి ఆరోగ్యాధికారిగా నియమించారు. ఆయన ఆ సందులన్నీ తిరిగి, ఏ మేడలో ఎంతమంది ఉన్నారు, నీళ్ళెక్కడివి, మురుగు ఎటు పోతోంది, ఎవరు ఏ జబ్బుతో పోతున్నారు అని లెక్కలు తీసి 1865లో ఒక నివేదిక అచ్చు వేయించారు. అంటురోగం కనబడితే వైద్యుడు నగరపాలక సంఘానికి తెలియజేసి తీరాలన్న నిబంధన 1879లో ఇక్కడ వచ్చిందంటే అది ఆయన చలవే. 1908 దాకా, అంటే 46 ఏళ్ళు, ఆ ఉద్యోగంలో ఉన్నారు. తరువాత 1905లో దూరాన కొండల్లోని టాలా జలాశయం నుంచి, 1983లో దాని పక్కనే మెగెట్ నుంచి నీళ్ళు వచ్చాయి. ఎత్తునుంచి పల్లానికి వాటంతట అవే వస్తాయి. మన వంటింట్లో కుళాయి తిప్పితే చప్పుడు లేకుండా పడే ధార వెనుక ఇంత కథ ఉంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒక్కటే. ఈ ఊరు పుట్టుకతో శుభ్రమైన ఊరు కాదు. అప్పట్లో ఇక్కడి తల్లులూ మా వార్డులోని తల్లుల్లాగే అడిగి ఉంటారు. మనం వరం అనుకునేది ఒకరి చాకిరీ. వరమైతే దణ్ణం పెట్టి ఊరుకోవచ్చు. చాకిరీ అయితే, మన ఊళ్ళో అది ఎవరు చేస్తారన్న ప్రశ్న వెంట వస్తుంది.

దణ్ణాల మాట వచ్చింది కనుక, ఇక్కడి వాళ్ళ పద్ధతి ఒకటి నాకు ఎంతో నచ్చింది. బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు. బడిపిల్లలూ చెబుతారు, చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్ళూ చెబుతారు. మొదట్లో నాకు వింతగా తోచింది. డబ్బులిచ్చి ఎక్కిన బస్సుకి థాంక్స్ ఏమిటి? మన ఇళ్ళల్లో అన్నం వడ్డించిన అమ్మకి ఎవరైనా ధన్యవాదాలు చెబుతారా? చెబితే ఆవిడ, వీడికి ఒంట్లో బాగాలేదా అని నుదురు తడుతుంది. మనకి ధన్యవాదం సభల్లో పూలదండతో పాటు వాడే మాట. ఇంట్లో అయితే "నీ కడుపు చల్లగా" అంటాం. మా అమ్మమ్మ ఎండన పడి వచ్చి, ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కిందపెట్టేలోపు ఆ మాట అనేది. ఆ దీవెన ఈ దేశంలో చెల్లదు. జనవరిలో బస్సు డ్రైవరుని పట్టుకుని చల్లగా ఉండు నాయనా అంటే తిట్టాననుకోవచ్చు!

అయితే, నీళ్ళు తెచ్చినవాణ్ణి తలుచుకోవడం మనవాళ్ళకి తెలియని విద్య కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా గోదావరి డెల్టాలో వెతకాలి. పరాయి పాలకుల మనిషని తెలిసి కూడా రైతులు ఆయనకి దండ వేస్తారు. పొలానికి నీళ్ళు తెచ్చినవాడికి అంత చేశాం. గ్లాసులోకి మంచినీళ్ళు తెచ్చేవాడికోసం ఇంకా ఎదురు చూస్తున్నాం.

ఇంతసేపూ ఇక్కడి భాగ్యాలే చెప్పుకొచ్చాను. మందుల చీటీకి డబ్బు పుచ్చుకోకపోవడం ఇక్కడ 2011 నుంచీ ఉంది. వైద్యురాలిగా నాకది నీళ్ళ తరువాతి వింత. జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి మీది గ్రంథాలయంలో, 1890 నుంచీ అందరికీ తెరిచి ఉన్న ఆ భవనంలో, ఎవరూ ఏమిటని అడగకుండా సాయంత్రం దాకా కూర్చోవచ్చు. నాలాంటివాళ్ళకి చలికాలంలో అది వెచ్చటి సత్రం. వసంతంలో మెడోస్ మైదానంలో చెర్రీ చెట్లు పూసినప్పుడు, పరీక్షలున్నా సరే, ఒక పూట పుస్తకం మూసేశాను. గోర్గీ వైపునుంచి గాలి వీస్తే సారాబట్టీలో ధాన్యం ఉడికే వాసన వస్తుంది. ఇక్కడివాళ్ళు ముక్కు చిట్లిస్తారు. నాకు మాత్రం మండపేట దారిలో ఉప్పుడు బియ్యం మిల్లులు దాటుతున్నట్టే ఉండి, ప్రాణం లేచివచ్చేది.

కాని అక్కడున్నప్పుడు తెలియక, ఇక్కడికొచ్చాక విలువ తెలిసినవీ ఉన్నాయి. మొదటిది ఎండ. డిసెంబరులో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితేగాని తెల్లవారదు. మూడున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది. ఆ వేళకి కాకినాడలో రాత్రి తొమ్మిది. ఫోనులో మా అబ్బాయి నిద్రకళ్ళతో నా కిటికీ చూసి, "అమ్మా, నీకు కూడా రాత్రయిపోయిందా?" అనేవాడు. జన్మంతా ఎండని తిట్టుకున్నదాన్ని, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అరగంట ఎండ వస్తే ఊరంతా పచ్చికమీదికి వచ్చి కూర్చుంటే, నేనూ వెళ్ళి కూర్చున్నాను. మన ఎండకి వడియాలు ఎండుతాయి, ఊరగాయ ముక్కలు ఎండుతాయి, పసివాళ్ళ ఎముకలు గట్టిపడతాయి. దీనికి ఎవరూ బిల్లు పంపరు.

రెండోది చెప్పకుండా వచ్చే మనుషులు. ఇక్కడ ఎవరింటికి వెళ్ళాలన్నా వారం ముందు చెప్పాలి. అది మర్యాదే, తప్పుపట్టను. కాని నాకు రెండు రోజులు జ్వరం వచ్చి గదిలో పడుకున్నప్పుడు, తలుపు తట్టకుండా లోపలికొచ్చి, "ఏమ్మా, చారు పెట్టనా?" అని అడిగే పక్కింటి పిన్నిగారిని తలుచుకుని ఏడ్చాను. మూడోనాడు మన సంఘం వాళ్ళే ఇద్దరు, లీత్ నుంచి ఒకరు, డండీ నుంచి ఒకరు, కారియర్లు పట్టుకుని వచ్చారు. మిరియాల చారు, కందిపచ్చడి. మీ పేర్లు వ్రాస్తే మీరు ఒప్పుకోరు. నీ కడుపు చల్లగా అనే మాట ఈ దేశంలో చెల్లదన్నానే, ఆ రోజు చెల్లింది.

ఇక అందరూ నన్నడుగుతున్న ప్రశ్న. "చదువయ్యాక ఇంకొన్నాళ్ళు ఉండి పనిచేసుకునే వీసా ఉందిగా, మీవారినీ పిల్లాణ్ణీ తెచ్చేసుకోరాదూ?" అని. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. నెల రోజులు నాకూ నిద్రపట్టలేదు. నా కొడుకు ఈ నీళ్ళు తాగి, ఈ బళ్ళో చదివి, ఈ గ్రంథాలయంలో కూర్చుని పెరిగితే ఎంత బాగుంటుంది? తల్లిగా నేనెందుకు వద్దనాలి? మా వార్డు ఆ పసివాళ్ళ పేర్లు ఒక్కోటీ చెప్పి నన్నేమీ పిలవలేదు. నేను వెళ్ళకపోతే ఆగిపోయేదీ లేదు.

ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళుగా వైద్యం చేస్తున్న ఒక పెద్దాయన మన సంఘంలోనే ఉన్నారు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఉగాదినాడు పచ్చడి పంచుతూ ఆయనతో ఈ సంగతి ఎత్తాను. "నేనూ రెండేళ్ళకనే వచ్చానమ్మా" అన్నారు. ఆయన ఉండిపోయినందుకు బాధపడేవారు కారు. "ఇక్కడి రోగులూ మనుషులే, నేను చూసినవాళ్ళు నన్ను దీవించారు" అన్నారు. తండ్రి పోయినప్పుడు మాత్రం మూడో రోజుకి గాని ఇల్లు చేరలేదట. అది చెప్పి కాసేపు ఊరుకున్నారు. తరువాత, "మీ వార్డులో మంచాలెన్ని?" అని అడిగారు. ముప్ఫై అన్నాను. "వానాకాలంలో పిల్లలు?" అరవై అన్నాను. చేతిలోని పచ్చడి కప్పు కిందపెట్టి, "అయితే వెళ్ళు" అన్నారు. అంతకంటె ఒక్కమాట ఎక్కువ చెప్పలేదు.

అలా వెళ్ళినవాళ్ళు మనకి ముందూ ఉన్నారు. హైదరాబాదు వైద్య పాఠశాలలో 1880ల్లో చదివిన తొలి మహిళల్లో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. క్లోరోఫారం మత్తుమీద 1888లోనూ, 1889లోనూ నిజాం ఖర్చుతో హైదరాబాదులో జరిగిన పరిశోధనలకు నాయకుడు ఎడింబరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ. రోగులకి మత్తు ఇవ్వడం రూపాబాయి ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆ క్లోరోఫారం గుణాన్ని 1847 నవంబరులో సింప్సన్ కనిపెట్టింది ఇక్కడి క్వీన్ స్ట్రీట్ ఇంట్లోనే. దాదాపు వందేళ్ళకు పైబడిన క్రితం రూపాబాయి ఓడెక్కి ఈ ఊరే వచ్చి, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, తిరిగి హైదరాబాదు వెళ్ళి రోగుల మధ్య పనిచేశారు. ఇదే ఊరి విశ్వవిద్యాలయం 1869లో ఏడుగురు ఆడపిల్లలను వైద్యంలో చేర్చుకుని, చివరికి పట్టా ఇవ్వనంది. 2019లో గాని ఆ గౌరవ పట్టాలు ఇవ్వలేదు. నేను ఎవరినీ అడగకుండా నడిచి వెళ్ళిన తరగతి గది గుమ్మం వాళ్ళు తెరిపించినదే. ఇదీ ఒక కుళాయి లాంటిదే.

ఇంకొకరు దిలీప్ మహలనాబిస్. బ్రిటనులో పిల్లల వైద్యం చదివి కలకత్తా తిరిగి వెళ్ళారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బొంగావ్ శిబిరంలో కలరాతో పడిపోతుంటే సెలైను సీసాలు చాలలేదు. ఆయన ఉప్పు, గ్లూకోజు, సోడా నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పోయించి, తల్లుల చేతనే పిల్లలకి తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి. లీటరు కాచిన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఈ లెక్క మీ ఇళ్ళల్లోనూ గోడకి అంటించుకోవచ్చు, చెంచా టీ చెంచాయే అని మరవకండి.

నేను వాళ్ళంతటిదాన్ని కాను. లిటిల్‌జాన్ లాగా 46 ఏళ్ళు నగరాన్ని నడపబోవడమూ లేదు. నేను చేయదలచింది చిన్నపని. ఏ వీధినుంచి ఎంతమంది పిల్లలు మా వార్డుకి వస్తున్నారో పటంమీద గుర్తుపెట్టి, ఆ కాగితం నెలనెలా మునిసిపాలిటీవారి బల్లమీద పెట్టడం. వాళ్ళు చూడకపోతే మరుసటి నెల మళ్ళీ పెట్టడం. కాలక్రమాన వాళ్ళే నన్ను చూసి విసుక్కుని గొట్టం బాగుచేస్తారని ఆశ. ఈ ఊరు నాకు నేర్పింది ఆ ఓపికే.

మరి సెలవు. మనం పోతున్నానని అనం కదా, వెళ్ళొస్తాననే అంటాం. ఇంటి పెద్దావిడకి ఆ మాట అర్థం చెబితే, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని నిజంగానే తేదీ అడిగింది. చెప్పలేకపోయాను. ఆవిడ వయసు ఎనభై మూడు.

నా రైస్ కుక్కరు, రెండు దుప్పట్లు, గొడుగు సంఘం గదిలో పెట్టాను. సెప్టెంబరులో కొత్తగా వచ్చే పిల్లలెవరికైనా ఇవ్వండి. గొడుగు ఒక ఊచ వంగింది, గాలికి ఎదురుగా పట్టకూడదని చెప్పండి. కాకినాడలో మా ఇల్లు గాంధీనగరంలో. సెలవులకి ఎప్పుడైనా ఆ వైపు వస్తే తప్పకుండా రండి. వారం ముందు ఫోను చేయనక్కర్లేదు. తలుపు తీసే ఉంటుంది. మంచినీళ్ళు మాత్రం కాచి చల్లార్చే ఇస్తాను, ప్రస్తుతానికి.